వేంపల్లె బండలో కుదిరిన రాయి

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. కర్నూలులో ముప్పై ఏళ్లు విలేకరిగా ఉన్నాను. దయ్యం తిరుగుతోందన్న ఇళ్లకు చాలాసార్లు వెళ్లాను. ప్రతిచోటా చివరికి మనిషే తేలేవాడు. ఈ సంగతిలోనూ మొదట మనిషే తేలాడు. నా స్నేహితుడు రామాంజి.

రామాంజి కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్తాడు. పరిశోధకుల వెంట హిందూ మహాసముద్రంలోని ఒక అగ్నిపర్వత దీవికి వెళ్లొచ్చాడు. లావా గడ్డకట్టేటప్పుడు అందులో బుడగలు మిగులుతాయట. వాటిలోకి వేడినీళ్లు దూరి, కరిగించి తెచ్చిన ఖనిజాన్ని తెల్లటి స్ఫటికాలుగా వదిలిపోతాయట. మన వేంపల్లె గుట్టల్లోనూ పాతకాలపు లావా ఉంది, అలాంటి రాయి అక్కడా దొరుకుతుందని అనేవాడు.

ఒకరోజు పొద్దున నన్ను అక్కడికి తీసుకెళ్లాడు. రాళ్లు కొట్టే మస్తాన్ దారి చూపించాడు. రామాంజి ఒక బండ వెనక్కు పోయాడు. సుత్తి దెబ్బలు వినిపించాయి. పిడికిలంత నల్లరాయితో తిరిగొచ్చాడు. విరిగిన వైపంతా స్ఫటికాలే. రాయిని నా కళ్లముందే కొట్టి తీశారని వార్త రాశాను. నిజానికి విన్నాను, చూడలేదు. స్నేహితుడు కదా అని ఆ తేడా పట్టించుకోలేదు.

ఆ రాయి వెలుపలి వైపు నుంచి చిన్న పెచ్చు ఒకటి తెప్పించుకుని పరీక్షించిన శాస్త్రవేత్త, ఇది సముద్రపు దీవి రాయేనని పత్రికకు ఉత్తరం రాశాడు. నిలదీస్తే రామాంజి తల కూడా దించుకోలేదు.

"దీవిలో నేను ఏరుకొన్న రాయేనప్పా. ఈడ దొరికిందంటే ప్రాజెక్టు వస్తాదనుకొన్నా. నువ్వు రాస్తే ఎవరూ అడగరు గదా."

ఆ చివరి మాటే నన్ను కోసింది. నా పేరుతో సవరణ పడింది. ఆ తర్వాత నేను ఏ వార్త పంపినా డెస్కువాళ్లు ఫోన్ చేసి, మీరు స్వయంగా చూశారా అని అడగడం మొదలుపెట్టారు.

మస్తాన్‌కూ ఈ మోసంలో చెయ్యి ఉందేమో తేల్చుకుందామని, ఫోటో కోసం తీసుకుంటే నా దగ్గరే ఉండిపోయిన ఆ రాయి పట్టుకుని మళ్లీ వెళ్లాను. పట్టపగలు, పన్నెండు గంటలు. సవరణ సంగతి అతనికి తెలియదు. నేరుగా బండ వెనక్కు తీసుకుపోయాడు. అక్కడ పిడికిలంత గుంట ఉంది. అందులో సగానికి విరిగిన స్ఫటికాలు.

"ఈడనే గదా సార్, ఆ సారు తీసింది."

రెండు రాళ్లు అతుకుతాయో లేదో చూడ్డానికి రాళ్లు కొట్టేవాళ్లు ఒకదానికి తడి జాజు, అంటే ఎర్రమట్టి, పూసి, రెండోదాన్ని అదుముతారు. తగలనిచోట ఎరుపు అంటదు. మస్తాన్ గుంటకు జాజు పూసి, నా రాయిని అదిమి తీశాడు. విరిగిన వైపు ఎరుపు అంటని చోటే లేదు.

అక్కడినుంచే రామాంజికి ఫోన్ చేశాను. ఆ రోజు ఉత్తినే బండను కొట్టానని, చిన్న పెచ్చు కూడా ఊడలేదని చెప్పాడు. గుంట సంగతి చెప్పాను.

"ఎగతాళి చేస్తాండావా? ఒప్పుకొన్నా గదప్పా. ఇంగేం కావాల నీకు?" అని పెట్టేశాడు.

ఈలోగా మస్తాన్ రాయిని ఇంకోసారి గుంటలో పెట్టాడు. అది బయటికి రాలేదు. ఇద్దరం లాగాం. నీళ్లు పోసి జాజు కడిగితే అతుకు గీత కూడా లేదు. గోటికి సైతం తగల్లేదు. మస్తాన్ తీసిన ఉలిని మళ్లీ సంచిలో వేసుకున్నాడు.

"దీన్ని నేను కొట్టను సార్."

ఫోటో తీశాను. అందులో కనిపించేది మామూలు బండ.

రామాంజి ఇప్పుడు నాతో మాట్లాడడు. దీవిలో ఏరిన రాయి వేంపల్లె బండలో ఎలా కుదిరిందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను సవరణ రాసింది అబద్ధానికో నిజానికో కూడా తెలియదు. ఈసారి అన్నీ దగ్గరుండి చూశాను. కానీ నేను చెప్తే నలుగురూ నమ్మేటంత విలువ నా మాటకు అతను మిగల్చలేదు.