ఏడో నంబరు బూట్లు

ఈ సంగతి రాసిపెట్టాల్సిన అవసరం ఏమొచ్చిందంటే, హ్యూస్టన్‌లోని ఒక ఆఫీసులో తెలుగువాళ్ళ గురించి ఒక అబద్ధం చాలాకాలంగా చలామణిలో ఉంది. దాన్ని పుట్టించింది నేను. పుస్తకంలో తప్పు కనబడితే మార్జిన్‌లో దిద్దే అలవాటున్నవాణ్ణి (లైబ్రరీ పుస్తకాల్లో రాయకూడదని తెలుసు, అందుకే పెన్సిల్‌తో), నా సొంత తప్పును దిద్దకుండా వదిలేయడం న్యాయం కాదు.

ఆ రోజుల్లో, అంటే రెండువేల ఐదు, ఆరు ప్రాంతాల్లో, మాస్టర్స్ చేయడానికి వచ్చిన మనవాళ్ళకి జ్ఞానమంతా సీనియర్ల దగ్గర్నుంచి వచ్చేది. ఏ కొట్లో సోనా మసూరి దొరుకుతుంది, ఏ ప్రొఫెసరు మార్కులు ధారాళంగా వేస్తాడు, అన్నీ వాళ్ళే చెప్పేవాళ్ళు. నాకు మాత్రం పబ్లిక్ లైబ్రరీ నుంచి వచ్చేది. ఒంగోల్లో మా వీధి గ్రంథాలయంలో ఉన్నవి రెండు బీరువాలు, అందులో ఒకదాని తాళంచెవి పోయింది. అలాంటివాడి చేతిలో ఒక కార్డు పెట్టి, చేతుల్లో ఎన్ని పడితే అన్ని పట్టుకుపొమ్మంటే మతి పోదా? తేనెటీగల దగ్గర్నుంచి గుర్రాల పెంపకం దాకా చదివేశాను. గుర్రాలు నీకెందుకురా అని రూమ్మేట్లు అడిగితే, టెక్సాస్ కదా అనేవాణ్ణి. వాళ్ళు నాకు 'గ్రంథాలయం' అని పేరు పెట్టారు. అది వెక్కిరింత అని తెలియడానికి నాకు రెండు సెమిస్టర్లు పట్టింది.

చదువైపోయింది, చదివినవాళ్ళు ఉద్యోగం చూసుకోవడానికి ఇచ్చే ఓపీటీ కార్డు మీద రోజులు తరిగిపోతున్నాయి. ఫోన్ ఇంటర్వ్యూలు బోలెడు అయ్యాయి గానీ, స్వయంగా రమ్మని పిలిచింది ఒక్క కంపెనీయే. చమురు కంపెనీలకి సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే చిన్న ఆఫీసు అది. ఇది కూడా పోతే ఇక పెట్టె సర్దుకోవడమే. ఇంటర్వ్యూకి ముందురోజు మధ్యాహ్నం మా సీనియర్ వరంగల్ అన్న (మా అపార్ట్‌మెంట్ మొత్తానికి కారున్నవాడు ఆయనొక్కడే) వచ్చి, "రేపు ఏమేస్కొని పోతున్నవ్ రా?" అని అడిగాడు. నా గళ్ళచొక్కా, కాన్వాస్ బూట్లు చూపించాను.

"గివేస్కొని పోతే పిజ్జా తెచ్చినవనుకొని టిప్పిస్తరు. పోయి కార్ల కూసో."

సూట్ల కొట్లో ప్రపంచమంతా ఉంది. ఒక నైజీరియా కుటుంబం పెళ్ళికొడుకుని మధ్యలో నిలబెట్టి చుట్టూ తిరిగి చూస్తోంది. ఒక మెక్సికో తల్లి కొడుకు మెడకి టై బిగిస్తూ వాడి ఊపిరి సంగతి మర్చిపోయింది. నోట్లో గుండుసూదులు పెట్టుకున్న వియత్నాం దర్జీ నా భుజాలు తడిమి, ఏమీ అనకుండా ఒక నల్ల సూటు తెచ్చిచ్చాడు. అతికినట్టు సరిపోయింది. నేను అన్నతో, "చేతిమీద కుట్టిన ఈ లేబుల్ ఇంటికెళ్ళాక కత్తిరించాలన్నా, పుస్తకంలో చదివాను" అన్నాను. అన్న ఆ లేబుల్‌ని వేళ్ళతో పట్టుకుని చూశాడు.

"తీసెయ్యాల్నా అది?"

"అవునన్నా. కొట్లో గుర్తు కోసం కుడతారంతే."

"ఏడాదిసంది నేను గట్లనే ఏస్కొని తిరుగుతున్న గదరా. బ్రాండ్ కనవడాలె అనుకున్న. ఒక్కడన్న చెప్పలే."

చదువు విలువ అన్నకి అప్పుడు తెలిసివచ్చిందని నేను గర్వపడ్డాను. నా గర్వం సరిగ్గా బూట్ల కొట్టు దాకా నిలిచింది.

అది చిన్న పాతకాలపు కొట్టు. లోపల తెల్లజుట్టు, టై, దారం కట్టిన కళ్ళజోడుతో ఒక పెద్దాయన ఉన్నాడు. మా తాతయ్య వయసుంటుంది. కూర్చోమన్నాడు, కూర్చున్నాను. ఆయన మోకాలి మీద చెయ్యి వేసుకుని, నెమ్మదిగా, ఎముకలు చప్పుడు చేస్తుండగా నా ముందు నేల మీద మోకరిల్లి, నా ఎడమ పాదం చేతిలోకి తీసుకున్నాడు. మీద బల్లి పడ్డట్టు నేను ఎగిరి కాలు వెనక్కి లాక్కున్నాను. మా ఇంట్లో పొరపాటున ఎవరికైనా కాలు తగిలితేనే తాకి కళ్ళకద్దుకుంటాం. అంత పెద్దాయన నా కాళ్ళు పట్టుకుంటే నా ఆయుష్షు ఏం కాను? పోనీ ఇది ఆయనకి ఇంగ్లీషులో చెబుదామంటే, గుర్రం ఎన్ని రకాలుగా నడుస్తుందో ఇంగ్లీషులో చెప్పగలను గానీ, దీనికి నా దగ్గర మాటల్లేవు.

"సర్, ప్లీజ్, నా పాదాలు ముట్టుకోకండి."

"చక్కిలిగిలా బాబూ?" అని నవ్వి, ఆయన మళ్ళీ పట్టుకోబోయాడు. నేను ఇంకేం చెయ్యాలో తోచక కుర్చీలోంచి జారి నేను కూడా మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఇప్పుడు పాదం కొలిచే ఇనప పలకకి అటు ఆయన, ఇటు నేను. పక్క వరసలోంచి అన్న తొంగిచూసి, "ఏం జేస్తున్నర్రా, సత్యనారాయణ వ్రతమా?" అన్నాడు.

ఇక కొలతల గొడవ లేకుండా చేద్దామని, "నా సైజు నాకు తెలుసు, ఏడు" అన్నాను. మన దేశంలో ఎనిమిదైతే ఇక్కడ ఎంతో చెప్పే పట్టిక లైబ్రరీలో చూసి బట్టీపట్టాను మరి. (ఒకటి కలపాలి. నేను ఒకటి తీసేశాను. పట్టికలో పక్క గడి చూశానని తర్వాత వెళ్ళి సరిచూసుకుంటే తెలిసింది.) పెద్దాయన నా పాదం వంక ఒక్క చూపు చూసి, "తొమ్మిది" అన్నాడు.

"కాదు సర్. పుస్తకంలో చదివాను."

"ఆ పుస్తకం నీ కాలు చూసిందా?"

పోనీ ఒకసారి వేసుకుని చూడమన్నాడు. వేసుకుంటే మళ్ళీ వంగి లేసు కడతాడేమోనని భయపడి, పెట్టె చంకలో పెట్టుకుని బయటపడ్డాను.

ఇంటికొచ్చి చూస్తే మడమ లోపలికి పోదు. అప్పటికే కొట్టు మూసేసే వేళయింది, పొద్దున తొమ్మిదికి ఊరి అవతలి కొసన ఇంటర్వ్యూ. అన్న సాంబారు గరిటె కాడ మడమ వెనక పెట్టి తోసి తోసి, చివరికి కాలు లోపలికి పంపి, "తోలే గద, సాగుతది" అని ధైర్యం చెప్పాడు. తోలు సాగలేదు. సాగింది నా మొహమే.

పార్కింగ్ నుంచి రిసెప్షన్ దాకా ఎలా నడిచానో ఆ బూట్లకే తెలియాలి. మేనేజరు ఆరడుగుల పైన మనిషి, గుబురు మీసాలు, మోకాళ్ళ కింద దాకా కౌబాయ్ బూట్లు. పక్కన హెచ్ఆర్ మేడమ్. మొదటి అరగంట నేను చెప్పిన జవాబులన్నీ పళ్ళు బిగించి చెప్పినవే. ఇక తట్టుకోలేక బల్ల కింద మెల్లిగా ఒక బూటు, తర్వాత రెండోది విప్పేశాను. అక్కణ్ణుంచి చూడాలి నా ధాటి. వాళ్ళు సగం అడిగేసరికి నేను మొత్తం చెప్పేస్తున్నాను. మేనేజరు కాగితాలు మూసి, "పద, ఆఫీసు చూపిస్తాను. మన టీమ్‌ని కలుద్దువుగాని" అని లేచాడు.

మన టీమ్ అన్నాడు. ఇంగ్లీషులో 'అవర్' అంటే మా అనీ అవుతుంది, మన అనీ అవుతుంది, కానీ నా చెవికి మన అనే వినబడింది. కానీ బల్ల కింద నా పాదాలు పొంగిన పూరీల్లా ఉన్నాయి, బొటనవేలు కూడా బూట్లో పట్టడం లేదు. పెన్ను పడిపోయినట్టు ఒకసారి వంగాను, టోపీ పడిపోయినట్టు ఇంకోసారి వంగాను (నాకు టోపీ లేదు). ఇద్దరూ నన్నే చూస్తున్నారు. ఏమన్నా జబ్బుందేమో అని వాళ్ళు అనుకునే లోపల నా నోరు తనంతట తనే తెరుచుకుంది.

"సర్, మా తెలుగువాళ్ళలో ఒక ఆచారం ఉంది. పనిచేసే చోటు మాకు పవిత్రం. బూట్లతో తిరగం."

హెచ్ఆర్ మేడమ్ తెలివైన మనిషి. "మరి లోపలికి వేసుకునే వచ్చారు కదా?" అంది.

"అప్పుడిది నేను పనిచేసే చోటు కాదు మేడమ్. ఇందాక సార్ మన టీమ్ అన్నారు."

మేనేజరు నన్ను చూశాడు, కిందికి తన బూట్లను చూసుకున్నాడు, కుర్చీలో కూలబడి ఒక బూటు రెండు చేతులా పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. మొహం ఎర్రబడింది గానీ బూటు కదల్లేదు. "కాస్త మడమ పట్టుకో బాబూ" అన్నాడు. కొత్త సూటుతో నేల మీద కూర్చుని, కాబోయే బాస్ కాలు పట్టుకుని, నూతిలోంచి చేద లాగినట్టు లాగాను. బూటు ఊడి నేను వెల్లకిలా పడ్డాను. ఆయన మేజోడులోంచి బొటనవేలు బయటికి చూస్తోంది. మేడమ్ కూడా హైహీల్స్ విప్పేసింది. ఆవిడ మొహంలో ఆ క్షణాన కనబడ్డ సుఖం నేను మళ్ళీ ఎవరి మొహంలోనూ చూడలేదు. ముగ్గురం మేజోళ్ళతో ఆఫీసంతా తిరిగాం. సర్వర్ రూములో నేల ఐసులా ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు. ఆచారం కదా.

మర్నాడు ఉద్యోగం ఇస్తున్నామని ఫోన్ వచ్చింది. చేరిన మొదటి సోమవారం మీటింగు రూము గుమ్మంలో మేనేజరు కుర్చీ వేసుకుని, కాలు చాచి నాకోసం ఎదురుచూస్తున్నాడు. ఆ తర్వాత ప్రతి సోమవారం టీమంతా బూట్లు బయట విప్పి కూర్చునేది (వాసన సంగతి రాయను). నాలుగేళ్ళ తర్వాత మా టీమ్‌లో ఒక తెనాలి అమ్మాయి చేరింది. గుమ్మం దగ్గర నన్ను ఆపేసింది.

"అన్నయ్యా, ఇది మన ఆచారమంట కదా. ఏ ఊళ్ళో?"

"ఒంగోలు."

"మా అమ్మమ్మ వాళ్ళది ఒంగోలే."

"మీ అమ్మమ్మ చెప్పడం మర్చిపోయి ఉంటుంది. విప్పు తల్లీ, నా గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది."

పాపం, విప్పింది. ఆ అమ్మాయికి ముందుగా కృతజ్ఞతలు. గరిటె వాడిన వరంగల్ అన్నకి, రెండోసారి వెళితే ఒక్కమాట కూడా దెప్పకుండా తొమ్మిదో నంబరు తీసిచ్చిన పెద్దాయనకి, రెండో ప్రశ్న వేయకుండా దయతలచిన హెచ్ఆర్ మేడమ్‌కి, రిటైరయ్యేదాకా నన్ను నమ్మిన మీసాల మేనేజరుకి కృతజ్ఞతలు. మొత్తం వ్యవహారంలో అవసరం పడిన నిజం, "బూట్లు కరుస్తున్నాయి సర్" అన్న మూడు మాటలే. ఆ మాట అని ఉంటే ఆయన నవ్వేసి, తనే ఎక్కణ్ణుంచో ఒక జత చెప్పులు తెప్పించేవాడని ఇప్పుడు నాకు తెలుసు. ఇరవై నాలుగేళ్ళప్పుడు మాత్రం ఆ మూడు మాటలకి ఉద్యోగం పోతుందనుకున్నాను. వెనక్కి వెళ్ళి ఆ కుర్రాడికి ఈ ముక్క చెబుదామన్నా లాభం లేదు. ఏ పుస్తకంలో ఉందని అడుగుతాడు.