రెండోసారి తీసిన వెన్నునీరు

శామీర్‌పేట చెరువు కట్ట మీద చేపల వాసన తగిలితే ఎవరికైనా కూర గుర్తొస్తుంది. నాకు మాత్రం సరళ మేడమ్ గుర్తొస్తారు. జీవితంలో ఒక్కసారి కూడా చేప ముట్టని మనిషి! మేడ్చల్ దారిలోని మా ఆసుపత్రి ల్యాబుకు ఆవిడే ఇన్‌చార్జి. గుంటూరు నుంచి వచ్చి కొంపల్లిలో స్థిరపడ్డారు. నేను రావల్కోల్ నుంచి వచ్చిన కొత్త టెక్నీషియన్ని, ఒట్టి తొందరమనిషిని.

అప్పుడే శామీర్‌పేటలో చేపలమ్మే బాలమణమ్మ వచ్చింది. రోజూ వచ్చే వాళ్ళ పేర్లే మరిచిపోతోంది. ఈ మరుపు ముదురుతుందా, ఇక్కడే ఆగుతుందా అని ముందే పసిగట్టడానికి డాక్టరు వెన్నులోంచి నీరు తీశారు. అందులో ఒక ప్రొటీన్ తగ్గిందంటే, అది మెదడులో పేరుకుంటోందని అర్థం. ఫలితం చెడ్డగా వస్తే ఇక చేపల గంప ఎత్తనివ్వనని కొడుకు తేల్చి చెప్పాడు. ఫలితం చెడ్డగానే వచ్చింది.

సరళ మేడమ్ సంతకం పెట్టలేదు. "ఇదొక్కటే ఇంత తగ్గి, మిగతావన్నీ చక్కగా ఉండటమేంటమ్మా? ఏ ట్యూబు ఇచ్చావు?"

ఈ పరీక్షకని వేరుగా ఉంచే ట్యూబులు అయిపోతే, స్టోరుకు వెళ్ళడానికి బద్ధకించి డాక్టరుకు మామూలు ప్లాస్టిక్ ట్యూబు అందించాను. ఆ ప్రొటీన్ దాని గోడలకు అంటుకుపోతుంది, లెక్కలో తక్కువగా కనిపిస్తుంది. ఉన్నదంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పద, ఆవిడకు నువ్వే చెప్పు. నేను పక్కనుంటాను" అన్నారు.

బాలమణమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "తప్పు నీదైతే సూది నాకా? మల్ల గుచ్చుతరా?"

"తప్పు మా ల్యాబుదేనమ్మా. దాచిపెడితే మీ గంప దిగిపోతుంది" అన్నారు మేడమ్.

ఆమె నా కళ్ళల్లో నీళ్ళు చూసింది. "సరే, గుచ్చుండ్రి. గీ పిల్ల ఏడుపు జూడలేకపోతున్న."

ఈసారి ప్రొటీన్ ఉండాల్సినంత ఉంది! ల్యాబులో కేక పెట్టాను. ఎప్పుడూ గంభీరంగా ఉండే మేడమ్ చప్పట్లు కొట్టారు. ముదిరే మరుపుజబ్బు సూచనలు లేవని, మరుపుకు కారణం థైరాయిడ్ అని డాక్టరు తేల్చి మందులిచ్చారు. కొన్ని నెలలకు బాలమణమ్మ గంపతో సహా ల్యాబు గుమ్మంలో దిగింది. "సరళమ్మా, కొర్రమట్ట చేప తెచ్చిన! మస్తుగుంటది!" పేరు పెట్టి పిలిచింది. మేడమ్ ముక్కు మూసుకుని పగలబడి నవ్వారు. అంత సంతోషం ఆ ముఖంలో నేనెప్పుడూ చూడలేదు.

మేడమ్ రిటైరయ్యారు. ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. తప్పు జరిగిన రోజున నా కాళ్ళు నేరుగా రోగి మంచం దగ్గరికి నడుస్తాయి. ఇప్పటికీ భయమేస్తుంది. కానీ అవి వెనక్కి తిరగవు.