ఫ్రెంచి దొర సీసా

"పులుసుల ఏమేసినవే ఇయ్యాల?" అన్నాడు మా ఆయన ఆసుపత్రి మంచం మీద, నేను తెచ్చిన గిన్నె మూత తీస్తూనే. "చింతపండేలే, తిను" అన్నాను. మా ఇద్దరి ఆఖరి మాటలు అవే. ముప్పై ఏళ్లూ నాకు అదే ఎత్తిపొడుపు. అది ఎట్లా మొదలైందో చెబుతాను, మా చెల్లెలి కూతురు రాస్తుంది (నాకు బస్సు నంబర్లు చదివేంత చదువే వచ్చు).

ఆ రోజుల్లో మాకు తెలియని సంగతే లేదనుకునేవాళ్లం. కృష్ణ ఒడ్డున కరెంటు ఫ్యాక్టరీ లేస్తోంది. రాయచూరు దగ్గరి చిక్కసూగూరులో బస్సెక్కి ఇద్దరం రోజూ అక్కడికి పోయేవాళ్లం. ఆయన గెస్ట్ హౌస్‌కు చౌకీదారు. నేను కొత్తగా చేరిన వంటమనిషిని. నెల రోజులు చూసి, వంట నచ్చితేనే ఉంచుతామన్నారు. మిషన్లు బిగించడానికి వచ్చిన ఫ్రెంచి ఇంజనీరు అక్కడే ఉండేవాడు. వాళ్ల దేశంలో తాతలనాటి ద్రాక్షతోటలో చేసిన ఎర్ర వైన్ సీసా ఒకటి తెచ్చుకుని, అలమారలో పండబెట్టి, తడి గోనెసంచి కప్పి ఉంచాడు. సీసా మీద కోట బొమ్మ. మన రాయచూరు కోటే అనుకున్నాను! గోనె తడపడం నా పని. జ్వరమొచ్చిన పసిబిడ్డకు చేసినట్టు చేశాను.

మొదటి మిషను తిరగాల్సిన రోజు, దొర సీసా మూత తీసి, బల్ల మీద పెట్టి డ్యూటీకి పోయాడు. నేను చూసేసరికి అది నోరు తెరుచుకుని ఉంది, పుల్లటి వాసన. మా ఆయన్ని పిలిస్తే సీసా మీది అంకెలు చదివాడు.

"ఏయ్, ఇది నువ్వు పుట్టిన సాల్‌దే! పొద్దుగాల దించిన కల్లు మాపటికే పులుస్తది. ఇది ఖరాబైంది, పారబోయనీకే పెట్టిండు."

ఒక బొట్టు నాలుక మీద వేసుకుంటే నోరంతా వగరు. పాపం, నెల రోజులు తడిగోనె కప్పినా దక్కలేదే అని బాధేసింది. పారబోయడానికి మనసొప్పలేదు. పొయ్యి మీద మటన్ ఉడుకుతోంది, డబ్బాలో చింతపండు నిండుకుంది. సీసా మొత్తం అందులోకి వంచేశాను. ఖాళీ సీసా ముచ్చటగా ఉంటే కడిగి, ఆరబెట్టి, పల్లీనూనె పోసి, నా పొదుపు దొర చూడాలని మళ్లీ బల్ల మీదే పెట్టాను.

సాయంత్రం దొర మొహం వెలిగిపోతూ వచ్చాడు. మిషను తిరిగిందట. ఆ సంబరానికి తాగుదామనే పొద్దున మూత తీసి వైన్‌కు గాలి తగలనిచ్చాడని నాకు తర్వాత తెలిసింది. సీసా ఎత్తి గ్లాసులోకి వంచాడు. పల్లీనూనె జారింది. గ్లాసును చూశాడు, సీసాను చూశాడు, నన్ను చూశాడు. నేను గంటెతో పులుసు గిన్నె చూపించాను. గుమ్మం దగ్గర మా ఆయన గొణిగాడు: "పాయె. నీ నౌకరీ ఇయ్యాల్టితో ఖతం."

దొర కుర్చీలో కూలబడ్డాడు. పళ్లెం వైపు వేలు చూపించాడు. వడ్డించాను. ఒక ముద్ద తిని కళ్లు మూసుకున్నాడు. ఆ తర్వాత జొన్నరొట్టెతో గిన్నె అడుగు దాకా ఊడ్చి, రాయచూరు బజారులో నేర్చిన ఉర్దూలో "మేరీ మా భీ ఐసాచ్ పకాతీ" అన్నాడు. వాళ్లమ్మ కూడా మాంసంలో వైన్ పోసే వండుతుందట! కాకపోతే ఇంత మంచిది పోయదట.

నా నౌకరీ నిలిచింది. ఇంకో సీసా వచ్చినప్పుడు దొర అలమారకు తాళం వేశాడు. తాళంచెవి మాత్రం నన్నే కొంగుకు కట్టుకోమన్నాడు. ఇప్పుడు ఆ పిల్ల, అంత ధీమాగా సీసా వంచిన పిల్ల, ఎక్కడైనా కనబడితే నెత్తిన ఒక మొట్టికాయ వేసి, ఆ పులుసు ఇంకో గంటె పెట్టమంటాను.

రాసినవా బిడ్డా? ఏదీ, మొదటికెల్లి సదువు. నువ్వు నవ్వకు, నవ్వేది నేను నవ్వుత.