స్విచ్‌కు పెట్టిన బొట్టు

ఈ రోజు నేరేడుచర్లలో, పిల్లలకు నేను చెప్పే ఆదివారం ఎలక్ట్రానిక్స్ క్లాసులో ఒక ఆటోకు ప్రారంభోత్సవం జరిగింది. ఆటో అట్టముక్కలతో చేసింది. చేసినది ఐదో తరగతి శ్రావణి. హెడ్‌లైట్లుగా రెండు ఎల్ఈడీలు, తీగలకు బదులు రాగి టేపు, అడుగున బటన్ సెల్. ముఖ్య అతిథి వాళ్ల నాన్న. తన నిజం ఆటోను ప్యాసింజర్లతో సహా బయట ఆపి మరీ విచ్చేశాడు.

శ్రావణి స్విచ్ నొక్కింది. వెలగలేదు. ఇంజనీరింగ్ పట్టభద్రుడిగా నేను గంభీరంగా సెల్ మార్చాను, ఎల్ఈడీల కాళ్లు సరిచూశాను. అయినా చీకటే.

"ఇగ పోత బిడ్డా, ప్యాసింజర్లు లొల్లి చేస్తున్నరు" అని నాన్న లేచాడు. పాప కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు కనిపించింది. స్విచ్‌లో రెండు టేపులు కలిసే చోటే పసుపు, దాని మీద కుంకుమ, చక్కగా ఎండిపోయి ఉన్నాయి. ఆ పొర దాటి కరెంటు పోదు.

"తుడిచెయ్ తల్లీ."

"బొట్టు తుడుస్తరా సార్? కొత్త బండి!"

"గట్ల తుడవొద్దు సార్" అన్నాడు నాన్న కూడా.

"సరే, బొట్టు ఉండనీ. స్విచ్‌నే పక్కకు జరుపుదాం" అని తీర్పు చెప్పాను. శ్రావణి కొత్త టేపు కత్తిరించి అతికించింది. రెండు లైట్లూ వెలిగాయి!

నాన్న వంగి, ఆటో చుట్టూ ఓసారి చూశాడు.

"లైట్లు మంచిగున్నయ్ గని, హారన్ ఏది బిడ్డా?"

ఇంతకీ మీ ఇంట్లో మిక్సీకి, ఫ్రిజ్‌కు బొట్టు ఎక్కడ పెట్టారు? నిర్భయంగా చెప్పండి, తుడవమని మాత్రం అనను.