మా మాధవి ఈత కొట్టిన కొలను దగ్గరికి

మా మాధవి ప్రాణం సింగపూర్‌లో ఒక విశ్వవిద్యాలయం ఈతకొలనులో పోయింది. ఈదుతూ ఉండగానే గుండె ఆగిపోయిందని డాక్టర్లు చెప్పారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్ళిన పిల్ల పెట్టెలో ఇంటికొచ్చింది. చేయాల్సినవన్నీ చేశాం. కానీ మా గోదావరి లంకల్లో ఇంకొకటుంది. నీళ్ళలో పోయినవాళ్ళను ఆ నీళ్ళ దగ్గరికే వెళ్ళి, పసుపు కుంకుమ వేసి, పేరు పెట్టి పిలిచి ఇంటికి తెచ్చుకోవాలి. సంవత్సరీకంలోపు పిలవకపోతే వాళ్ళు అక్కడే నిలబడి ఉండిపోతారని మా అత్తగారు చెప్పేది. మా ఆయన మాత్రం, "అదేమన్నా గోదారా? సిమెంటు తొట్టె. దానికి కూడానా?" అన్నారు. "తొట్టెలో ఉన్నవి నీళ్ళు కావా అండీ?" అన్నాను. పాస్‌పోర్టుకు ఫోటో తీయించడానికి మర్నాడు తనే తీసుకెళ్ళారు. నేను చదివింది ఐదో తరగతే. కాగితం మీద రాసిస్తే మాధవి స్నేహితురాలు రేవతి టైపు చేసి తన బ్లాగులో పెడుతోంది. నాలాగే బిడ్డ పోయిన చోటు చూడాలని బయలుదేరే తల్లులకు పనికొస్తుందని రాస్తున్నాను.

రాజమండ్రిలో రాత్రి రైలెక్కి చెన్నై చేరి, అక్కడి నుంచి నాలుగు గంటలు విమానంలో కూర్చున్నాను. రేవతిది వరంగల్. ఆ విశ్వవిద్యాలయంలోనే పరిశోధన చేస్తోంది. హౌగాంగ్ అనే పేటలో ఒక ఫ్లాట్‌లో తనూ మాధవీ ఒకే గదిలో ఉండేవాళ్ళు. ఆ గదిలోనే దిగాను. కొలనుకు మధ్యాహ్నం వెళ్దామంది. "సాయంత్రమైతే మంది ఎక్కువుంటరు ఆంటీ. ఎవ్వలతోని ఏం మాట్లాడకుండ్రి. కూసుని చూసొద్దాం, అంతే." భోజనం చేసి ఒంటిగంటకు బయలుదేరాం. రైలుకు, బస్సుకు కలిపి ఒక్కొక్కరికి రెండు డాలర్లు కూడా కాలేదు. ఒకచోట రైలు మారాలి. గంటకు పైగా పట్టింది. మాధవి సెలవు రోజున ఇంత దూరం ఈత కోసం వచ్చేదా అంటే, "అవును ఆంటీ. బద్ధకమై నేను రానంటే నా దుప్పటి గుంజేది" అంది రేవతి. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆ దినం నుంచి నేను గూడ మళ్ళ కొలను దిక్కు రాలే" అంది.

బస్సు దిగాక మెట్లెక్కాలి. ఎడమవైపు పరుగు పందాల మైదానం, ఎర్రగా, గుడ్డ పరిచినట్టు ఉంది. ఆ ఎండలో కూడా ఒక కుర్రాడు దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఆ పక్కన పెద్ద షెడ్డులో షటిల్ ఆడుతున్నారు. బూట్లు నేలకు రాసుకుని కీచుమంటున్నాయి. టెన్నిస్ కోర్టుల పక్కన నడుస్తుంటే లోపల ఎవరో పకపకా నవ్వారు. అందరూ మా పిల్ల ఈడువాళ్ళే. చెమటలు కక్కుతూ, రొప్పుతూ, నీళ్ళు గటగటా తాగుతూ కనిపించారు. అందరి గుండెలూ కొట్టుకుంటూనే ఉన్నాయి. అంతకన్నా నాకేం తోచలేదు.

కొలను గేటు దగ్గర రేవతి తన కార్డు చూపించి, నాకు అతిథి టికెట్టు తీసుకుంది. కొలను నీలంగా ఉంది. అడుగున గీసిన నల్లటి గీతలు కూడా పైకి కనిపిస్తున్నాయి. ఏడెనిమిది మంది ఈదుతున్నారు. "ఎక్కడమ్మా?" అన్నాను. రేవతి వేలు చూపించింది. "ఆ మూడో వరసల, ఆంటీ." నేను చెప్పులు విప్పి అటు నడిచాను. పసుపు కుంకుమల పొట్లం కొంగున ముడేసుకుని తెచ్చిన సంగతి రేవతికి చెప్పలేదు. దాచాలనీ కాదు. గోదాట్లో వేసేటప్పుడు ఎవరినన్నా అడుగుతామా? గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని, పొట్లం విప్పి వేసి, చేయి నీళ్ళలో పెట్టి పిలిచాను. "మాధవీ, రామ్మా. ఇంటికి పోదాం."

కుంకుమ నీళ్ళలో విచ్చుకుని ఎర్రగా పాకింది. ఎవరో కెవ్వున అరిచారు. వెంటనే ఈల మోగింది. నీళ్ళలో ఉన్నవాళ్ళంతా గబగబా ఒడ్డెక్కేశారు. ఈదేవాళ్ళకు కాపలా ఉండే ఆయన, మా ఆయనంత వయసున్న మలయ్ మనిషి, పరుగున వచ్చి నా చేయి పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. గాయం లేదని తెలిశాక కోపం వచ్చింది. "కెనాట్ లా ఆంటీ! కెనాట్!" అని, అంటే అలా చేయకూడదని, కేకలేశాడు. రేవతి అడ్డం వచ్చి ఇంగ్లీషులో ఏదో చెప్పింది. మాధవి పేరు ఒక్కటే నాకర్థమైంది. ఆయన టోపీ తీసేసి తడి నేల మీదే కూలబడ్డాడు.

"ఆ దినం మాధవిని బయటికి తీసింది ఈ అంకులే, ఆంటీ" అంది రేవతి. "ఎర్రగ కనబడంగనే మళ్ళ ఎవ్వలికో ఏమన్న అయిందనుకున్నడట."

తువ్వాలు చుట్టుకున్న ఒక పిల్ల వచ్చి, ఇంకెంతసేపు, రేపు మాకు పోటీ ఉంది అని విసుక్కుంది. కుంకుమంతా పోయేదాకా ఎవరూ దిగకూడదట, రేవతి చెప్పింది. "పోండి, వెళ్ళి మకాన్ కానివ్వండి" అని ఆయన కసిరాడు. మకాన్ అంటే అక్కడ తిండి. అందరూ వెళ్ళిపోయారు. మేం ముగ్గురమే మిగిలాం.

"అడుగమ్మా. ఆఖర్న ఏమన్నా అందేమో అడుగు. అమ్మా అని పిలిచిందేమో" అన్నాను. రేవతి అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపి నెమ్మదిగా ఏదో చెప్పాడు. రేవతి వెళ్ళి నా చెప్పులు తెచ్చి పక్కన పెట్టింది.

"ఉన్నదున్నట్టు చెప్పమ్మా."

"ఏమనలేదట ఆంటీ. పైకి తీసేటాళ్ళకే పాణం లేదట. అయినా అంబులెన్సు వచ్చేదాంక ఛాతీ మీద ఒత్తుతనే ఉన్నడట. చాలు, ఆపమని పక్కనోళ్ళు చెప్పినా ఆపలేదట."

నేను ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. ఆయన బిగుసుకుపోయాడు గాని చేతులు లాక్కోలేదు. కాసేపటికి గట్టున ఉన్న కాలవలు చూపించి చెప్పాడు. నీళ్ళు ఎప్పుడూ వాటిలోంచి మిషన్లోకి వెళ్ళి, శుభ్రమై తిరిగి వస్తూ ఉంటాయట. ఏదీ నిలవదట. ఓదార్పుకే చెప్పాడేమో. నేను మళ్ళీ రెండుసార్లు పిలిచాను. ఎరుపంతా మెల్లగా ఆ కాలవల్లోకి జారిపోయింది. నీళ్ళు మళ్ళీ నీలంగా అయ్యాయి. మా పిల్ల వస్తున్నట్టు నాకేమీ అనిపించలేదు. ఒళ్ళు జలదరించలేదు, గాలి కూడా వీచలేదు.

వాన మొదలైంది. టాక్సీ పట్టుకున్నాం. హౌగాంగ్ దాకా ఇరవై డాలర్లయింది. నా చీర తడిసి ఉండటం చూసి డ్రైవరు, "చీరతోటే స్విమ్మింగా ఆంటీ?" అని నవ్వాడు. మేమిద్దరం నవ్వకపోయేసరికి సీటు మీద వేసుకోమని న్యూస్‌పేపరు ఇచ్చాడు. ఇంటికెళ్ళి ఫోన్ చేస్తే మా ఆయన మొదటి గంటకే ఎత్తారు.

"పిలిచావా?"

"పిలిచానండి."

"వచ్చిందా?"

"అక్కడ లేదండి."

"మరి ఎక్కడుందంటావు?" అన్నారు. నాకు తెలియదు.

పై నెలలో సంవత్సరీకం. పిల్లను ఇంటికి తెచ్చానని మా వాళ్ళకు నేను చెప్పలేను. అంత దూరం వెళ్ళి ఏం తెచ్చావని అడిగితే, ఆ నీళ్ళ దగ్గర తను ఒంటరిగా నిలబడి లేదని కళ్ళారా చూసి వచ్చానని చెబుతాను. అది కూడా కొన్ని రోజులే నమ్మగలుగుతున్నాను. మిగతా రోజుల్లో ఆ నీలం నీళ్ళే కనిపిస్తాయి.

వెళ్ళే తల్లులకు ఒక మాట. అలాంటి కొలనులో పసుపు కుంకుమ వేయకండి, కొలను మూసేస్తారు. వెళ్ళగానే నీళ్ళ దగ్గరికి నడవకండి. ముందు అక్కడ కాపలా ఉండే మనిషి దగ్గరికి వెళ్ళి, మీరెవరో చెప్పుకోండి. నేను ఆయన ముందు నుంచే వెళ్ళి కూడా చూడలేదు. మన బిడ్డను ఆఖరున పట్టుకున్న చేతులు ఆయనవి.