బాపు మీద కట్టిన పాట

జనగామలో మేముండే వీధి మలుపులో సాయంత్రం పూట ఎవరో చాయ్‌లో అల్లం దంచి వేస్తారు. ఆ వాసన కిటికీలోంచి రాగానే నాకు మిరపకాయల ఘాటు గుర్తొస్తుంది, వెంటనే కళ్లు మండినట్టవుతుంది. కేసముద్రం మార్కెట్ ఎదురుగా మా బాపు నడిపిన చాయ్ హోటల్లో ఆ రెండు వాసనలూ ఎప్పుడూ కలిసే ఉండేవి.

పత్తి వచ్చే రోజుల్లో గాలికి లేచిన దూది చాయ్ మీది మీగడకు అంటుకునేది, రైతులు దాన్ని వేలితో తీసేసి ఏమీ జరగనట్టే తాగేవాళ్లు. మిర్చి వచ్చే రోజుల్లో హోటలంతా తుమ్ములే. సద్దుల బతుకమ్మ మర్నాడు అమ్మ మిగిలిన సత్తుపిండి ముద్దలు కట్టి పంపితే, బాపు వాటిని వచ్చినవాళ్లందరికీ ఊరికే పంచేసి, ఇంటికొచ్చి అమ్మ చేత తిట్లు తినేవాడు. నేనూ అన్నా బడి విడిచాక పత్తి కుప్పల మీద జారి, జుట్టంతా దూదితో పొయ్యి పక్కకు చేరేవాళ్లం. అప్పటికే అక్కడ బల్ల మీద యాకన్న వేళ్లతో దరువు వేస్తుండేవాడు.

యాకన్న కొత్తగూడ వైపు అడవి పల్లె నుంచి హమాలీ పనికి వచ్చినవాడు. బస్తాలు దించి, భుజం మీది గోనెపట్టా పక్కన పెట్టి, ఎదురుగా కూర్చున్న మనిషిని "పేరేంది? ఏ ఊరు? పిల్లలెందరు?" అని అడిగి, చాయ్ చల్లారేలోగా అతని మీద పాట కట్టేవాడు. మొహమాటం లేదు, పిసినారిని పిసినారి అనే పాడేవాడు, పెళ్లాం అంటే వణికేవాణ్ని అలాగే పాడేవాడు. బాపును కూడా వదల్లేదు.

"పాలల్ల చెరువును కలిపిండు మావోడు
చెరువంత చక్కెర సల్లిండు మావోడు"

అందరికంటే గట్టిగా నవ్వింది బాపే. తన మీద పాట కట్టించుకోవడానికి కేసముద్రంలో దిగి, రైలు వదిలేసుకున్న మహబూబాబాద్ మనిషి కూడా ఉండేవాడు.

ఒక వేసవిలో వరసగా పేర్చిన బస్తాల నెట్టు జారి మీద పడి సారయ్య అనే హమాలీ చనిపోయాడు. యాకన్నా అతనూ ఒకే గదిలో ఉండేవాళ్లు. సారయ్య దినాల నాడు, కర్మ భోజనాలకు ముందు, యాకన్న అతని మీద పాట పాడాడు. తాగుడు దాచలేదు, తాగి పెళ్లాం కాళ్ల మీద పడి ఏడ్చిన సంగతీ దాచలేదు. జనం నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు. ఎవరో సెల్‌ఫోన్లో పట్టిన ఆ పాట, మెమరీ కార్డుల్లో పాటలెక్కించే దుకాణాల ద్వారా ఊరూరా పాకింది.

ఆ తర్వాత యాకన్నకు పిలుపులే పిలుపులు. జనగామ రైతుల ఇళ్ల నుంచి, భూపాలపల్లి బొగ్గుబాయి కార్మికుల ఇళ్ల నుంచి, చెల్పూర్ కరెంటు ప్లాంటు క్వార్టర్ల నుంచి మనుషులు వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లందరిదీ ఒకే మాట. "మంచిగున్నయే పాడాలె." యాకన్న అలాగే కట్టాడు. చచ్చిపోయిన ప్రతివాడూ అన్నదాత అయ్యాడు, ప్రతి తండ్రీ దేవుడయ్యాడు. గోనెపట్టా పోయి తెల్లబట్టలు వచ్చాయి, మైకు వచ్చింది, ఫ్లెక్సీల మీద ఫొటో వచ్చింది.

వచ్చిన చిక్కల్లా హోటల్లోనే. పని లేనినాడు యాకన్న పాత అలవాటుగా వచ్చి, ఎదుటి మనిషిని "పేరేంది? పిల్లలెందరు?" అని అడిగేవాడు. అవి దినాల పాటకు అడిగే మాటలని అప్పటికి అందరికీ తెలుసు. మనుషులు సగం చాయ్ వదిలేసి లేచిపోయేవాళ్లు. ఒక ముసలాయన చెవులు మూసుకున్నాడు. రానురాను యాకన్న వస్తే బల్లలు ఖాళీ అయ్యేవి.

ఒకనాడు మధ్యాహ్నం బాపు అతని పక్కన కూర్చున్నాడు. "యాకన్నా, జర కొన్నొద్దులు ఇటుదిక్కు రాకు. నిన్ను జూసి జనం భయపడుతున్నరు." యాకన్న లేచాడు. తన గ్లాసు తానే కడిగి పెట్టి వెళ్లాడు. తర్వాత భూపాలపల్లికి మారిపోయాడని విన్నాం. ఆ రోజు బాపు మీద నాకొచ్చిన కోపం చాలా ఏళ్లు పోలేదు.

పోయిన వానాకాలం మహబూబాబాద్ దవాఖానలో ఇక లాభం లేదు, బాపును ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇప్పుడు మావైపు మనిషి పోకముందే పాటగాడికి చెప్పుకుంటున్నారు, పేర్లు తప్పు పోకుండా, పాట తయారుగా ఉండేలా. అన్న యాకన్నకు ఫోన్ చేశాడు. యాకన్న కారులో వచ్చి ముందు గదిలో కూర్చుని మనవల పేర్లు అడుగుతుంటే లోపలి నుంచి బాపు గొంతు వినబడింది.

"ఎవలొచ్చిండ్రు?"

యాకన్న లేచి వెళ్లి మంచం అంచున కూర్చున్నాడు.

"నా మీద కట్టెతందుకు వచ్చినవా?"

అబద్ధం చెప్పడానికి యాకన్నకు నోరు రాలేదు. తల ఊపాడు.

"పాడు. నేనుండంగనే వింట."

యాకన్న మైకు లేకుండా, మెల్లగా పాడాడు. ఆకలి తీర్చిన దేవుడు, కడుపుల పెట్టుకుని చూసిన తండ్రి. బాపు కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"నిన్ను హోటల్‌కు రావద్దన్న గదా. గా ముచ్చటేది పాటల?"

"దినాలకాడ గసొంటివి పాడరన్నా."

"అయితే గిది నా మీద పాట కాదు, యాకన్నా. ఇంకెవని మీదనో."

యాకన్న మొహం చిన్నబోయింది. "మార్చి కడ్తనన్నా" అని బాపు చెయ్యి పట్టుకున్నాడు. గుమ్మం దగ్గర అన్న అడ్డుపడ్డాడు. "మార్చకు కాకా. చుట్టాలందరు వస్తరు, ఇజ్జత్ పోతది." బాపు గోడవైపు తిరిగాడు. ఆ వారమే పోయాడు.

దినాల నాడు యాకన్న మైకు పట్టుకుని అన్నవైపు ఒకసారి చూసి, దేవుడి పాటే పాడాడు. షామియానా కింద అందరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. ఆ పాట ఇప్పుడు యూట్యూబ్‌లో ఉంది, ఎవరెవరో తమ తండ్రులను తలుచుకుని కింద దండాలు పెడుతున్నారు. నేను వెతుకుతూ విన్నాను. మా బాపు అందులో ఎక్కడా లేడు.

హోటల్ ఉన్నచోట ఇప్పుడు ఎరువుల దుకాణం. బతికున్నవాళ్ల మీద యాకన్న కట్టిన పాటల్లో బాపు మీది ఆ రెండు పంక్తులకు మించి నాకేవీ గుర్తులేవు. వాటిని ఎవరూ రికార్డు చేసుకోలేదు, రేపు మళ్లీ వచ్చి కడతాడు కదా అనుకున్నాం.