చెప్పుల వరస

మండపేటలో మా డాక్టరుగారి ఆసుపత్రి ముందు మనుషులు వరసలో నిలబడేవారు కాదు, చెప్పులు నిలబడేవి. వచ్చినవాళ్ళు అరుగు కింద చెప్పులు వరసగా విడిచి, పందిట్లో కూర్చునేవారు. చెప్పుల్లేని కూలీలు ఇటుక ముక్క పెట్టేవారు. డెబ్భై తొమ్మిదిలో నేనక్కడ కాంపౌండర్ని. డాక్టరుగారు పదకొండింటికల్లా కాకినాడ వెళ్ళిపోయేవారు కాబట్టి, వెనకబడినవాళ్ళకి ఆ రోజుకి వైద్యం లేనట్టే.

ఆ వరసని ఆయా సుబ్బాయమ్మ మార్చేస్తోందని కనిపెట్టాను. ఊడుస్తున్నట్టే ఊడుస్తూ ఒక జతని ముందుకి, ఒక జతని వెనక్కి తోసేది. నాకు ఒళ్ళు మండింది. ఎవరైనా చెయ్యి తడుపుతున్నారేమోనని వారం రోజులు కాపు కాశాను. ఉహూఁ, ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"ఆ జత సూడండి. ఒకటి మగాళ్ళది, ఒకటి ఆడాళ్ళది. అంత కంగారుగా వచ్చారంటే పేణం మీదకొచ్చినట్టే గదండీ," అంది. "ఇయ్యేమో సుబ్బరంగా కడుక్కుని ఏసుకొచ్చారు. ఈళ్ళు కాసేపు ఆగుతారండి."

అప్పట్నించి నాకూ అదే పిచ్చి పట్టుకుంది. మందు కలుపుతూ కిటికీలోంచి చెప్పులు చూడడమే పని. ఆవిడ లెక్క పదిసార్లకి తొమ్మిదిసార్లు తప్పేది కాదు.

పదోసారి, ఊళ్ళో బడి మేష్టారి భార్య మీనాకుమారిగారు వచ్చారు. తళతళలాడే ఆవిడ చెప్పులు మూడో చోటు నుంచి పన్నెండో చోటుకి వెళ్ళాయి. ఒళ్ళో పిల్ల ఏడవకపోతే నిద్రపోతోందనుకున్నాం. వంతు రాకముందే పిల్లకి ఫిట్స్ వచ్చాయి. డాక్టరుగారు పరుగెత్తుకొచ్చారు, పిల్ల బతికింది.

"నువ్వు మా చెప్పులు వెనక్కి తొయ్యడం చూశాను సుబ్బాయమ్మా," అన్నారు మీనాకుమారిగారు. "ఆసుపత్రి మనిషివి, నీకు తెలుసు కదా అని నోరు మూసుకున్నాను."

సుబ్బాయమ్మ మూడు రోజులు వరస జోలికి పోలేదు. పీడా పోయింది, ఎవరి వంతు వాళ్ళకే అనుకున్నాను నేను. నాలుగోరోజు వరస చిట్టచివర ఓ ఇటుక ముక్క. అది పెట్టిన కూలీ గోడకి ఆనుకుని, రొమ్ము పట్టుకుని చెమటలతో తడిసిపోతున్నాడు. అప్పటికే పదిన్నర దాటింది. గబగబా దిగి ఆ ఇటుకని నేనే మొదటికి పెట్టేశాను. అతణ్ణి చూసి డాక్టరుగారు, "సమయానికి తెచ్చావయ్యా," అన్నారు. నాకు గర్వం ఆగలేదు.

పదకొండింటికి కారు వెళ్ళిపోయింది.

"మంచి పని సేశారండి," అంది సుబ్బాయమ్మ. "మరి ఆ ఇటుక వల్ల ఆఖర్న మిగిలిపోయిందెవరండీ? ఆళ్ళకేం జబ్బో అడిగారా?"

పందిట్లో ఒక ముసలాయన ఇంకా కూర్చునే ఉన్నాడు. నేనాయన మొహం చూడడం అదే మొదటిసారి.